మెడలో ఎలక్ట్రోడ్, ఛాతీలో బ్యాటరీ: బారోస్టిమ్ నియో గురించి నా అభిప్రాయం

ముందే తేల్చి చెబుతాను. రోజుకు ఆరు రకాల మందులు వేసుకుంటున్నా 172/102 దగ్గర నిలిచిపోయిన నా రక్తపోటు, ఈ పరికరం పెట్టించుకున్న ఏడాదికి ఆసుపత్రి కొలతల్లో 146/88కి దిగింది. మందులు ఆరు నుంచి నాలుగయ్యాయి. అంతకంటే తగ్గలేదు, తగ్గుతాయని డాక్టర్లు మాట ఇవ్వనూ లేదు. మా నాన్నగారు అరవై నిండకముందే పక్షవాతంతో మంచం పట్టారు. ఆయన తర్వాతి ఏళ్లు ఎలా గడిచాయో చూసినవాడిని కాబట్టి, ఇరవై ఆరు పాయింట్ల తగ్గుదల నాకు చాలా పెద్ద విషయం. మళ్లీ అదే స్థితి వస్తే మళ్లీ పెట్టించుకుంటాను. అయినా నన్ను అడిగేవారిలో ఎక్కువమందికి వద్దనే చెబుతున్నాను. ఆ రెండు మాటలూ ఎందుకు పొసుగుతాయో వివరంగా రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

నాది ఏలూరు. ఉత్తర జర్మనీలో ట్రాముల విద్యుత్ పరికరాల నిర్వహణ చూసే ఇంజనీరుగా స్థిరపడ్డాను. ఏ యంత్రం కనిపించినా దాన్ని ఎవరు సరిచూస్తారు, మొరాయిస్తే ఎవరు వస్తారు, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి అని ముందు అడగడం నా వృత్తి నేర్పిన అలవాటు. ఒంట్లో పెట్టుకునే యంత్రం విషయంలోనూ అవే అడిగాను. ఈ సమీక్షలో ఎక్కువ భాగం వాటి జవాబులే.

పరికరం చేసే పని ఇది. మెడలో తలకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట, గోడలో ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. రక్తం పోటెత్తి గోడ సాగినప్పుడు అవి మెదడు కాండానికి సంకేతం పంపుతాయి. మెదడు వెంటనే గుండె వేగం తగ్గించి, రక్తనాళాలను వదులు చేసి, కిడ్నీలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచకుండా చూస్తుంది. ఏళ్ల తరబడి పోటు ఎక్కువగా ఉన్నవారిలో ఈ కొసలు ఆ ఎక్కువ స్థాయికే అలవాటుపడి ఊరుకుంటాయి. బారోస్టిమ్ ఆ చోట చిన్న విద్యుత్ పల్సులు ఇస్తుంది. పోటు ఉన్నదానికంటే ఎక్కువగా ఉందన్న కబురు మెదడుకు చేరుతుంది, మెదడు దాన్ని దించే పనిలో పడుతుంది. ధమని మీద కుట్టేది చొక్కా గుండీ కంటే చిన్న ఎలక్ట్రోడ్. అక్కడి నుంచి చర్మం కింద ఒక తీగ దిగి, కాలర్ ఎముక కింద పేస్‌మేకర్‌ను పోలిన బ్యాటరీ పెట్టెను చేరుతుంది. తయారుచేసేది అమెరికాలోని మినియాపొలిస్ ప్రాంతానికి చెందిన సీవీఆర్‌ఎక్స్ సంస్థ. రక్తపోటు కోసం ఐరోపాలో దీనికి 2011లో అనుమతి వచ్చింది.

ఆపరేషన్ మాట రావడానికి ముందు నాకు జరిగిన పరీక్షలను నేను ఈ చికిత్సలో భాగంగానే లెక్కవేస్తాను. నిజానికి అందులో అన్నింటికంటే మెచ్చుకోదగిన భాగం అదే. మొండి రక్తపోటు అనే పేరు పెట్టడానికి ఒక కొలమానం ఉంది. నీరు తీసే మాత్రతో కలిపి కనీసం మూడు రకాల మందులు, శరీరం భరించగల పూర్తి మోతాదులో వాడినా 140/90 కంటే కిందికి రాకపోతేనే ఆ పేరు. ఆసుపత్రిలో చూపించే అంకెను నమ్మకుండా చేతికి యంత్రం కట్టి 24 గంటల కొలతలు తీశారు. సగటు 159 వచ్చింది. డాక్టరును చూసిన కంగారులో పెరిగే పోటు కాదని అలా తేలింది. రక్తపోటును ప్రభావితం చేసే అల్డోస్టెరాన్, రెనిన్ స్థాయిలకు రక్తపరీక్షలు చేశారు. కిడ్నీ ధమనులు ఇరుకయ్యాయేమో స్కానింగ్ తీశారు. నిద్రలో శ్వాస ఆగుతోందేమో ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి చూశారు. మూత్రాన్ని ఒక రోజంతా పట్టించి ఉప్పు లెక్క కట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు రోజుకు 5 గ్రాములైతే నాది దానికి రెండింతలు దాటింది. మా ఆవిడ ఆ కాగితం చూసిన రోజే మాగాయ జాడీ పై అరకు ఎక్కించేసింది.

మూత్రంలో మందుల ఆనవాళ్లు ఉన్నాయా అని కూడా చూశారు. మాత్రలు నిజంగా మింగుతున్నానా లేదా అన్నది తేల్చే పరీక్ష అది. కొందరు దీన్ని అవమానంగా తీసుకుంటారని నర్సు చెప్పింది. నాకు మాత్రం గౌరవం పెరిగింది. మొండి రక్తపోటు అనుకుని వచ్చేవారిలో చాలామంది మాత్రలు సరిగా వేసుకోరన్నది ఇక్కడి డాక్టర్లకు అనుభవమే. ఆ సంగతి తేలకుండా మెడ కోయడం ఎంత అన్యాయం! మందుల జాబితాలో స్పైరోనోలాక్టోన్ కూడా ఉండేది. మూడు మందులకు లొంగని పోటుకు నాలుగోదిగా ఇదే మేలని 2015లో బ్రిటన్‌లో జరిగిన పాత్‌వే-2 అధ్యయనం చూపింది. నాకు దానివల్ల ఛాతీలో నొప్పి, వాపు వచ్చి ఎప్లెరెనోన్‌కు మార్చారు. ఇవన్నీ అయ్యాకే డాక్టరమ్మ పరికరం మాట ఎత్తారు.

ఆధారాల గురించి ఆవిడ నాతో దాపరికం లేకుండా మాట్లాడారు. ఈ పరికరానికి ముందు తరం రియోస్ అనేది మెడకు రెండువైపులా పెట్టేవారు. దాని పెద్ద అధ్యయనం 2011లో వెలువడింది. 265 మందికీ పరికరం అమర్చి, మూడింట రెండు వంతుల మందికి మొదట్లోనే ఆన్ చేసి, మిగతావారికి ఆరు నెలలు ఆఫ్‌లో ఉంచారు. ఆరో నెలకు కనీసం 10 పాయింట్లు తగ్గినవారు ఆన్ చేసిన జట్టులో 54 శాతం. ఆఫ్‌లో ఉన్న జట్టులోనూ 46 శాతం! ఆ తేడా సరిపోలేదు. ఆపరేషన్ భద్రత కూడా పెట్టుకున్న లక్ష్యాన్ని అందుకోలేదు. తర్వాత వచ్చిందే నియో. ఒకవైపే కోత, చిన్న ఎలక్ట్రోడ్, ఆపరేషన్ భారం తక్కువ. 2012లో ప్రచురించిన దాని తొలి అధ్యయనంలో 30 మందికి ఆరు నెలల్లో సగటున 26 పాయింట్లు తగ్గింది. కానీ అందులో పోల్చి చూడటానికి మరో జట్టు లేదు. నాకూ సరిగ్గా 26 తగ్గిందని చెబితే మిత్రులు చప్పట్లు కొడతారు. నేను మాత్రం ఆ 46 శాతాన్ని మరిచిపోను. తరచూ డాక్టరు దగ్గరకు వెళ్లడం, మాత్రలు తప్పకుండా వేసుకోవడం, ఉప్పు తగ్గించడం కూడా పోటును దించుతాయి. నా తగ్గుదలలో వాటి వాటా ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. నా 24 గంటల సగటు 159 నుంచి 142కు, అంటే 17 పాయింట్లే దిగింది. నేను నమ్మేది ఈ రెండో లెక్కనే.

అప్పట్లో వినిపించిన మరో మార్గం గజ్జ దగ్గర ధమనికీ సిరకూ మధ్య 4 మిల్లీమీటర్ల దారి తెరిచి ఉంచే రాక్స్ కప్లర్. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో దానికి 24 గంటల సగటు 13.5 పాయింట్లు తగ్గింది. కానీ అమర్చినవారిలో 29 శాతం మందికి సిర ఇరుకైంది. అది చదివి నేను ముందుకు వెళ్లలేదు. కిడ్నీ ధమనుల చుట్టూ ఉన్న నరాలను వేడితో కాల్చే రీనల్ డినర్వేషన్ అప్పటికి అనుమానపు నీడలో ఉంది. 535 మందితో జరిగిన సింప్లిసిటీ హెచ్‌టీఎన్-3 అధ్యయనంలో ఉత్తుత్తి ప్రక్రియ జరిగినవారికీ నిజంగా నరాలు కాల్చినవారికీ తేడా రెండున్నర పాయింట్లు కూడా లేదని 2014లో తేలింది. నాకు ఆపరేషన్ జరిగింది 2017లో. ఆ మరుసటి ఏడాదే ఐరోపా వైద్య సంఘాల మార్గదర్శకాలు, రక్తపోటుకు పరికరాల చికిత్సను అధ్యయనాల పరిధి దాటి మామూలుగా వాడవద్దన్నాయి. అది చదివాక కూడా నా నిర్ణయం నాకు సరైనదిగానే తోచింది. మందుల దారులన్నీ మూసుకుపోయినవాడి లెక్క వేరు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ముందు మెడ ధమనుల్లో పూడికలు లేవని అల్ట్రాసౌండ్‌తో చూశారు. సగానికి మించి ఇరుకైతే పెట్టరు. మత్తు విషయంలో ఒక విశేషం ఉంది. మామూలుగా వాడే కొన్ని మత్తు వాయువులు రక్తపోటును దిద్దుకునే ఆ సహజ స్పందననే మొద్దుబరుస్తాయి కాబట్టి వాటిని పక్కన పెడతారు. సర్జన్ ఎలక్ట్రోడ్‌ను ధమని మీద ఒక్కో చోట ఆనించి పల్సు ఇచ్చి చూస్తాడు. గుండె వేగం, పోటు ఎక్కడ బాగా దిగితే అక్కడే కుడతాడు. కుట్టే ముందే పని చేస్తుందో లేదో చూసుకునే ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. దవడ కింద కుడివైపు ఒక కోత, కాలర్ ఎముక కింద మరొకటి. మెడ తిప్పడం కొన్ని వారాలు కష్టమైంది. గడ్డం గీసుకునేటప్పుడు దవడ అంచున ఇప్పటికీ కొంచెం తిమ్మిరిగా ఉంటుంది. ఆ ప్రాంతంలో నాలుకకూ గొంతుకూ వెళ్లే నరాలు ఉంటాయి కాబట్టి మాట బొంగురుపోవడం, మింగడం కష్టమవడం వంటివి జరగవచ్చని సంతకం పెట్టించుకునే ముందే చెప్పారు. నాకు జరగలేదు. ఖర్చు ఆరోగ్య బీమా భరించింది. నేను కట్టింది ఆసుపత్రిలో ఉన్నందుకు రోజుకు 10 యూరోలే.

అసలు సంగతి తర్వాత మొదలవుతుంది. పెట్టిన వెంటనే పరికరాన్ని ఆన్ చేయరు. గాయం మానాక పిలుస్తారు. ఒక ల్యాప్‌టాప్ ద్వారా, తీగ లేకుండా, కరెంటును మిల్లీ ఆంపియర్లలో, పల్సు వెడల్పును మైక్రోసెకన్లలో, సెకనుకు ఎన్ని పల్సులు అన్నదాన్నీ సరిచేస్తారు. ఒక మెట్టు పెంచి, ఆగి, చేతి పట్టీతో పోటు చూసి, మరో మెట్టు పెంచుతారు. ఒక స్థాయి దాటాక గొంతులో జలదరింపు మొదలై దగ్గు వస్తుంది. అది హద్దు. అక్కడి నుంచి ఒక మెట్టు దించి ఇంటికి పంపుతారు. కొన్ని వారాలయ్యాక మళ్లీ ఇదే. ఇలా నెలల తరబడి సాగింది. మొదటిసారి ఆన్ చేసిన రోజు కళ్ల ముందే 20 పాయింట్లు పడిపోతుందని ఆశించేవారికి ఈ కాలం చాలా విసుగు పుట్టిస్తుంది. కరెంటు పెంచినకొద్దీ బ్యాటరీ త్వరగా అయిపోతుంది. బ్యాటరీని బయటి నుంచి చార్జి చేసే వీలు లేదు. అయిపోయినప్పుడు కాలర్ ఎముక కింద మళ్లీ కోసి పెట్టె మార్చాలి. అందుకే పోటు ఇంకో మూడు పాయింట్లు దించాలా, బ్యాటరీకి ఇంకో ఏడాది ఆయుష్షు ఇవ్వాలా అన్న బేరం ప్రతిసారీ ఉంటుంది. నా డాక్టరమ్మ ఆ బేరంలో నా మాట కూడా అడిగేవారు. తీగలతోనే బతుకు వెళ్లదీసినవాడిని కదా, ఆ సంభాషణలు నాకు చాలా ఇష్టంగా ఉండేవి. పెట్టె మార్పిడి నాకు ఇప్పటికి ఒకసారి అయింది. మెడ ముట్టుకోలేదు, మొదటి ఆపరేషన్‌తో పోలిస్తే చిన్న పని.

ఆ డాక్టరమ్మ వేరే ఊరికి మారిపోయాక నాకు ఆవేదన మొదలైంది. పేరు చెప్పను గానీ, నేను వెళ్లే ఆ ఆసుపత్రిలో పరికరాన్ని సరిచేయడం తెలిసిన మరో మనిషిని చాలాకాలం తయారు చేయలేదు. తేదీ ఇచ్చి వాయిదా వేశారు. వాయిదా వేసిన తేదీని మళ్లీ జరిపారు. ఈలోగా నా పోటు 160 వైపు ఎక్కుతుంటే ఫోనులో దొరికిన జవాబు మాత్ర మోతాదు పెంచండి అని. మోతాదు పెంచడానికి ఎవరైనా సరిపోతారు. నా ఛాతీలో ఉన్న పెట్టెతో మాట్లాడగలిగినవాళ్లు మాత్రం ఆ భవనంలో లేరు. ఇది పరికరం లోపం కాదు, దాని వెనుక నిలబడవలసిన సేవ లోపం. కానీ రోగికి ఆ రెండూ ఒకటే. చివరికి మరో నగరంలోని విభాగానికి బదిలీ చేయించుకున్నాను. రైలులో వెళ్లి వస్తున్నాను. అక్కడి నర్సు ఒకామె, పరికరాన్ని ఆపి, కాసేపు ఆగి, మళ్లీ ఆన్ చేసి, రెండు కొలతలనూ నాకు చూపిస్తుంది. ఆపినప్పుడు పెరగడం, ఆన్ చేసినప్పుడు తగ్గడం కళ్లారా చూశాక పని జరుగుతోందన్న ధైర్యం వస్తుంది.

రోజువారీ జీవితంలో ఇబ్బందులు తక్కువే. ఉద్యోగంలో మాత్రం కొన్ని మార్పులు తప్పలేదు. సబ్‌స్టేషన్‌లో నేను నిలబడే చోట్ల విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిపించి, ఎక్కడికి వెళ్లవచ్చో మా కార్యాలయ డాక్టరు రాసిచ్చారు. ఆర్క్ వెల్డింగ్ మానేశాను. నాకు అమర్చిన రకంతో ఎంఆర్‌ఐకి ఆంక్షలున్నాయి. కొత్త రకాలకు ఆ ఆంక్షలు సడలాయి, కాబట్టి పెట్టించుకోబోయేవారు ఏ రకమో అడిగి రాయించుకోవాలి. సెలవులకు వచ్చినప్పుడు విమానాశ్రయంలో, ఒంట్లో పరికరం ఉందని తెలిపే కార్డు చూపిస్తే చేత్తో తనిఖీ చేసి పంపుతారు. ఒకసారి విజయవాడలో భుజం నొప్పికి ఫిజియోథెరపీకి వెళ్తే, రేడియో తరంగాలతో లోపలి కండరాలకు వేడి పుట్టించే షార్ట్‌వేవ్ డయాథర్మీ పెట్టబోయారు. ఇలాంటి పరికరాలున్నవారికి అది ప్రమాదం. కార్డు చూపించి వద్దన్నాను, వాళ్లూ వెంటనే మానేశారు. కార్డు జేబులో లేకుండా గుమ్మం దాటవద్దు.

ఇక అడిగేవారి సంగతి. అమెరికాలో ఉన్న బంధువులు అక్కడ ఇది పెట్టించుకోవచ్చా అంటారు. అక్కడ దీనికి 2019 ఆగస్టులో వచ్చిన అనుమతి గుండె వైఫల్యానికి, రక్తపోటుకు కాదు. తయారీ సంస్థ దృష్టి కూడా ఎక్కువగా అటు మళ్లింది. రక్తపోటు కోసం పెట్టించుకునేవారు అది గుర్తుంచుకోవాలి. నా తర్వాతి పెట్టె గురించి నేనూ ఆలోచిస్తున్నాను. మరోవైపు రీనల్ డినర్వేషన్ మెరుగైన అధ్యయనాలతో తిరిగి నిలబడింది. 2023 నవంబరులో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ, పారడైజ్, సింప్లిసిటీ స్పైరల్ అనే రెండు పద్ధతులకు అనుమతి ఇచ్చింది. సగటు తగ్గుదల చిన్నదే. కానీ ఒంట్లో ఏ వస్తువూ మిగలదు. బ్యాటరీ లేదు, సరిచేసే మనిషి కోసం వెతుకులాట లేదు. ఈ రోజు నేను మొదటిసారి డాక్టరు ముందు కూర్చుంటే, ముందు దాని గురించే అడుగుతాను.

ఏలూరు నుంచి మా బావమరిది ఫోను చేశాడు. "బావగారూ, నాన్నకు 160 కిందికి రావడం లేదు. మీ దగ్గరికి తీసుకొస్తే ఆ మెషీన్ పెట్టించగలమా?" మామగారికి 74 ఏళ్లు. ఏ మాత్రలు వాడుతున్నారని అడిగితే రెండే, అదీ తక్కువ మోతాదులో. నీరు తీసే మాత్ర లేనే లేదు. పైగా ఇంట్లో వాడుతున్న యంత్రం పట్టీ ఆయన లావు చేతికి చిన్నది, చిన్న పట్టీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ కొనమన్నాను. వారం పాటు ఉదయం, సాయంత్రం కూర్చోబెట్టి కొలిచి, ఆ కాగితం ఫిజీషియన్ దగ్గరకు తీసుకెళ్లమన్నాను. ఆయన మూడో మాత్రగా, నీరు తీసే క్లోర్‌తాలిడోన్ కలిపి, సోడియం, పొటాషియం పరీక్షలు రాశారు. ఇప్పుడు మామగారి పోటు 138 దగ్గర ఉంటోంది.

ఆయనకు ఏ పరికరమూ అవసరం లేదు. నిజంగా అవసరమైనవారు కొద్దిమందే ఉంటారు. వారికి నేను చెప్పేది ఇది. మీ ఊరి నుంచి ఒక పూటలో వెళ్లి రాగలిగినంత దూరంలో, ఈ పరికరాన్ని సరిచేయగల మనుషులు కనీసం ఇద్దరు ఉన్నారో లేదో కనుక్కోండి. పేర్లు అడగండి. వారిలో ఒకరు సెలవు పెడితే రెండోవారు ఎవరో అడగండి. బ్యాటరీ మార్పిడి ఎవరు చేస్తారో, దాని ఖర్చు ఎవరు భరిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఆ జవాబులు దొరికాకే సంతకం పెట్టండి.